ఇంతకీ సైనస్ ఎంతమందికి?



ఫిబ్రవరి వచ్చిందంటే కాలిఫోర్నియాలో మన సన్నీవేల్‌లో తెలుగువాళ్ళు ఎక్కడ కలిసినా ఒకటే మాట. "సైనస్ మళ్ళీ మొదలైందండీ." ఎల్ కమీనో రియల్ మీద సరుకుల షాపులో కరివేపాకు ఏరుకుంటూ అంటారు. పిల్లల్ని సంగీతం క్లాసులో దింపి బయట కార్లో కూర్చుని ఫోన్లో అంటారు. నుదురు బరువు, ముక్కు దిబ్బడ, గొంతులోకి ఏదో జారుతున్నట్టు ఉండడం, పొద్దున లేవగానే తలపోటు. పదిమందిని అడిగితే ఐదారుగురు తమకూ ఉందంటారు. ఆ లెక్కన మనలో సగం మంది రోగులే. నిజంగా అంతమందికి ఉందా?

ఆస్పత్రి రికార్డుల లెక్కలు చూడడం నా వృత్తి. ఫలానా జబ్బు ఎంతమందికి ఉంది అన్న ప్రశ్నతోనే నాకు పొద్దుగడుస్తుంది. ఇవాళ ఆ ప్రశ్న సైనస్ గురించి వేసుకుందాం. ఇదేదో అంకెల ముచ్చట అనుకోకండి. లెక్క తప్పితే మందు తప్పుతుంది. యాంటీబయాటిక్‌తో పనే లేనివాళ్ళు కోర్సు తర్వాత కోర్సు మింగుతున్నారు. తలనొప్పికి అసలు కారణం ఒకటైతే, ఏళ్ళ తరబడి ముక్కుకి వైద్యం చేయించుకుంటున్నారు. ఇది మన ఇళ్ళల్లోనే జరుగుతోంది, చూస్తూ ఊరుకోలేక ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను.

ముందు జబ్బేమిటో చెప్పుకుందాం. ముక్కు చుట్టూ ఎముకల్లో నాలుగు జతల గాలి గదులు ఉంటాయి: చెంపల వెనక ఒక జత, నుదుటి వెనక ఒకటి, రెండు కళ్ళ మధ్య చిన్నచిన్న అరల గుంపు, బాగా లోపల పుర్రె అడుగున మరొకటి. వీటి లోపలి పొర రోజూ తడి ఊరుస్తుంది. ఆ తడి సన్నటి రంధ్రాల గుండా ముక్కులోకి దిగిపోతుంది. పొర వాచి ఆ దారి మూసుకుపోతే తంటా. జలుబుతో వచ్చి పది రోజుల్లో తగ్గేది ఒక రకం. పన్నెండు వారాలు దాటినా తగ్గకుండా ఉండేది రెండో రకం, దాన్నే దీర్ఘకాలిక సైనసైటిస్ అంటారు. ముక్కు దిబ్బడ, చిక్కటి చీమిడి కారడం లేదా గొంతులోకి జారడం, ముఖం బరువు, వాసన తెలియకపోవడం, ఈ నాలుగింటిలో కనీసం రెండు ఉండాలి. వాటిలో ఒకటి దిబ్బడో, కారడమో అయి తీరాలి. అంతటితో అయిపోలేదు. సన్నటి గొట్టంతో ముక్కులోకి చూసినప్పుడో, సీటీ స్కాన్‌లోనో వాపు కనిపించాలి. నోటి మాట ఒక్కటీ చాలదు, స్కాన్ ఒక్కటీ చాలదు, రెండూ కలిస్తేనే జబ్బు పేరు ఖాయం.

ఇక అంకెలు. అమెరికాలో సైనస్ గురించి ఎక్కడ చదివినా దాదాపు 12 శాతం మందికి ఉందని రాస్తారు. అది ప్రభుత్వం ఏటా జరిపే ఆరోగ్య సర్వే నుంచి వచ్చిన అంకె. 2018లో 2 కోట్ల 89 లక్షల మంది పెద్దవాళ్ళు, అంటే 11.6 శాతం అని తేలింది. అయితే ఆ సర్వేలో అడిగిన ప్రశ్న చూడండి: గడిచిన పన్నెండు నెలల్లో మీకు సైనసైటిస్ ఉందని డాక్టరుగానీ, మరో వైద్య సిబ్బందిగానీ చెప్పారా? జలుబు ముదిరి వారం రోజులు బాధపడినవాళ్ళూ, ఏడాది పొడుగునా బాధపడినవాళ్ళూ ఇద్దరూ అవుననే చెబుతారు. ఆ అంకెని తీసుకొచ్చి దీర్ఘకాలిక రోగుల సంఖ్య అని రాసేస్తుంటారు. నాకు ఈ పద్ధతి మింగుడుపడదు.

యూరప్‌లో కొంచెం జాగ్రత్తగా అడిగారు. 12 దేశాల్లో 19 కేంద్రాల నుంచి పోస్టులో ప్రశ్నలు పంపి, పన్నెండు వారాల సంగతి విడిగా అడిగారు. 2011లో ప్రచురించిన ఆ లెక్కలో 10.9 శాతం వచ్చింది. ఊరిని బట్టి 7 శాతం దగ్గర్నుంచి 27 శాతం దాకా తేడా ఉంది. పెన్సిల్వేనియాలో గైసింగర్ అనే ఆస్పత్రుల సంస్థ తన దగ్గర ప్రైమరీ కేర్‌కి వచ్చేవాళ్ళకి ఇలాంటి ప్రశ్నలే పంపితే 7,847 మంది జవాబిచ్చారు. అందులో 11.9 శాతం మందికి లక్షణాలు ఉన్నాయి. గమనించండి, ఇవన్నీ ఇంకా నోటి మాటలే. లక్షణాలతోపాటు స్కాన్‌లోనో, గొట్టంతో చూసినప్పుడో వాపు ఉండాలి అనేసరికి వేరే అధ్యయనాల్లో శాతం 3 నుంచి 6 మధ్యకి దిగిపోయింది. మిన్నెసోటాలో ఓమ్‌స్టెడ్ కౌంటీ డాక్టర్లు రికార్డుల్లో రాసిన రోగనిర్ధారణలను లెక్కపెడితే, 2004లో వచ్చిన ఫలితం 2 శాతం దగ్గర ఆగింది.

మన ఊరికే వర్తింపజేసుకుని చూద్దాం. 2020 జనగణనలో సన్నీవేల్ జనాభా 1,55,805. పిల్లల్నీ పెద్దల్నీ కలిపేసిన మోటు లెక్క అనుకోండి. 12 శాతం అయితే 18 వేల పైచిలుకు రోగులు. 2 శాతం అయితే 3 వేలు. ఊరు అదే, ముక్కులూ అవే. ఎవరిని అడిగాం, ఏం అడిగాం, ఎక్కడ నిలబడి అడిగాం అన్నదాన్ని బట్టి ఆరింతల తేడా వచ్చింది.

ఎక్కడ నిలబడి అన్నది ఆస్పత్రి లెక్కల్లో మరీ ముఖ్యం. చెవి ముక్కు గొంతు విభాగం ఓపీలో కూర్చుని వచ్చినవాళ్ళలో సైనస్ ఎంతమందికో లెక్కపెట్టి, ఊరంతటికీ అదే శాతం అనుకోవడం, శనివారం సాయంత్రం పెర్షియన్ డ్రైవ్ గుడిలో నిలబడి సన్నీవేల్‌లో తెలుగువాళ్ళు ఎంత శాతమో చెప్పినట్టు ఉంటుంది. ముక్కు బాగున్నవాడు ఆ ఓపీకి ఎందుకొస్తాడు?

దీనికి ఇంకో మెలిక ఉంది. 1946లో మేయో క్లినిక్‌లో జోసెఫ్ బెర్క్‌సన్ అనే వైద్యుడు, గణాంకవేత్త, లెక్కలు వేసి మరీ చూపించాడు. ఊళ్ళో ఒకదానికొకటి సంబంధం లేని రెండు బాధలు ఆస్పత్రిలో మాత్రం జంటగా కనిపిస్తాయి. ఎందుకంటే ఒట్టి తలనొప్పి ఉన్నవాడు మాత్ర వేసుకుని ఇంట్లో పడుకుంటాడు. ఒట్టి ముక్కు దిబ్బడ ఉన్నవాడు ఆవిరి పట్టుకుని ఊరుకుంటాడు. రెండూ ఉన్నవాడే విసిగిపోయి డాక్టరు దగ్గరికి వస్తాడు. రోజంతా అలాంటివాళ్ళనే చూసే డాక్టరుకి తలనొప్పి ముక్కు నుంచే పుడుతోందని అనిపించడం సహజం.

ఆ మేయో క్లినిక్ ఉన్న రాచెస్టర్ ఊరు, నేను ఇందాక చెప్పిన ఓమ్‌స్టెడ్ కౌంటీలోనిదే. ఆ కౌంటీ జనాల వైద్య రికార్డులన్నీ ఒకదానితో ఒకటి కలిపే పని 1966లో మొదలుపెట్టారు. ఒక ఆస్పత్రిలో కూర్చుని కాకుండా ఊరంతటి రికార్డులూ కలిపి లెక్కవేశారు కాబట్టే ఆ 2 శాతానికి విలువ. డాక్టరు దగ్గరికి వెళ్ళనివాళ్ళు అందులో చేరరన్నది నిజమే. అయినా ఆ అంకె ఏమిటో, ఏది కాదో మనకి తెలుసు, అదే దాని బలం.

అదే ఊరి నుంచి 1999లో ఇంకో కబురు వచ్చి పత్రికల్లో మార్మోగింది. దీర్ఘకాలిక సైనస్ రోగులు 210 మంది ముక్కు స్రావాల్ని మేయో వైద్యులు పరీక్షిస్తే 202 మందిలో ఫంగస్ కనిపించింది. 96 శాతం! సైనస్‌కి మూలం బూజేనని, దొంగ దొరికాడని సంబరపడ్డారు. కానీ అదే వ్యాసంలో ఇంకో వరస ఉంది. ఏ జబ్బూ లేని 14 మందిని కూడా అలాగే పరీక్షించారు. ఫంగస్ 14 మందిలోనూ ఉంది. గాలి పీల్చే ప్రతి ముక్కులోనూ బూజు గింజలు ఉంటాయి మరి. ఆ తర్వాత యూరప్‌లో ఫంగస్‌ని చంపే మందుతో రోగుల ముక్కులు కడిగి చూశారు. 2006లో ఫలితం వచ్చింది: ఉత్త నీటి మందుకీ దానికీ తేడా లేదు. రోగుల్ని లెక్కపెట్టేటప్పుడు పక్కన ఆరోగ్యవంతుల్ని కూడా లెక్కపెట్టకపోతే ఎంత దూరం దారి తప్పుతామో చెప్పడానికి నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే ఇస్తాను.

స్కాన్‌ల విషయంలో కూడా ఇదే జరుగుతుంది, ఇది మీలో చాలామందికి అనుభవమే అయ్యుంటుంది. కళ్ళు తిరుగుతున్నాయనో, కారు ప్రమాదంలో తలకి దెబ్బ తగిలిందనో తలకి స్కాన్ తీస్తారు. 2021 నుంచి ఇక్కడి నిబంధనల ప్రకారం రిపోర్టు తయారైన వెంటనే మన ఫోన్లోకి వచ్చేస్తోంది, డాక్టరు చూడకముందే. రాత్రి పదకొండింటికి తెరిచి చదువుతాం. మెదడు బాగానే ఉందని రాసి, చివర్లో ఒక వాక్యం: చెంప సైనస్‌లో పొర స్వల్పంగా మందంగా ఉంది. ఇక నిద్ర పట్టదు. 1988లో ఆస్ట్రేలియాలో సైనస్ బాధతో సంబంధం లేకుండా తల స్కాన్ తీయించుకున్న 666 మందిని చూస్తే, 42.5 శాతం మందికి సైనస్‌లో ఏదో ఒక మార్పు కనిపించింది. స్కాన్‌లో సైనస్ వాపుకి సున్నా నుంచి 24 దాకా మార్కులు వేసే పద్ధతి ఒకటి ఉంది, లండ్ మెకే మార్కులు అంటారు. సైనస్ జబ్బు లేనివాళ్ళకి కూడా సగటున 4 మార్కులు వస్తాయని 2001లో తేల్చారు. కాబట్టి ఆస్పత్రిలో స్కాన్ తీసినవాళ్ళందరి రిపోర్టులూ పోగేసి, పొర మందంగా ఉన్న ప్రతివాళ్ళనీ రోగి ఖాతాలో వేస్తే సగానికి సగం ఊరు రోగగ్రస్తమవుతుంది. బాధ లేకుండా స్కాన్‌లో కనిపించే ఆ వాక్యానికి సాధారణంగా వైద్యం అక్కర్లేదు.

ఇప్పుడు తలనొప్పి దగ్గరికి వద్దాం. నా దృష్టిలో మన ఆడవాళ్ళకి ఎక్కువ అన్యాయం జరుగుతున్నది ఇక్కడే. 2004లో అమెరికాలో సైనస్ తలనొప్పి అని తామే చెప్పుకున్నవాళ్ళనీ, డాక్టరే ఆ పేరు పెట్టినవాళ్ళనీ 2,991 మందిని పరీక్షించారు. జ్వరం, చీము లాంటి ఇన్‌ఫెక్షన్ గుర్తులు ఉన్నవాళ్ళని ముందే పక్కన పెట్టారు. మిగిలినవాళ్ళలో 88 శాతం మందిది మైగ్రేన్ తరహా నొప్పి అని తేలింది, మనం పార్శ్వపు నొప్పి అంటామే, అది. మైగ్రేన్ వచ్చినప్పుడు ముఖంలోని నరాలు రెచ్చిపోయి ముక్కు కారుతుంది, దిబ్బడ వేస్తుంది, కళ్ళలో నీళ్ళొస్తాయి, చెంపలు బరువెక్కుతాయి. వాతావరణం మారితే వస్తుంది. అచ్చం సైనస్ లాగే ఉంటుంది. నొప్పి వచ్చినప్పుడు వెలుతురు చూడలేకపోతున్నారా? కడుపులో తిప్పుతోందా? గది చీకటి చేసుకుని పడుకోవాలనిపిస్తోందా? ఇంట్లో అమ్మకో అక్కకో ఇలాంటి నొప్పే ఉందా? ఉంటే డాక్టరు దగ్గర సైనస్ అన్న మాట ముందు అనకండి. ఈ లక్షణాలు చెప్పండి. మైగ్రేన్‌కి ఇవాళ మంచి మందులున్నాయి, అవి ముక్కు మందులు కావు.

మన వాళ్ళు తలనొప్పికి రాసుకునే అమృతాంజనం 1893లో మొదలుపెట్టింది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. జిందా తిలిస్మాత్ 1920లో హైదరాబాదులో పుట్టింది. ఈ రెండు సీసాలూ ఇక్కడికి వచ్చే అమ్మానాన్నల సూట్‌కేసుల్లో ఇప్పటికీ ఉంటాయి, వాటితో నాకు పేచీ లేదు. పక్కనే జిప్ అరలో ఉండే అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ షీటుతోనే పేచీ. జలుబు తర్వాత వచ్చే సైనస్ బాధ చాలావరకు వైరస్‌దే. నూటికి ఒకటి రెండు జలుబులే బాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌గా మారతాయి. మూడు రోజుల మాత్రలు వేసుకోగానే తగ్గిందంటే, చాలాసార్లు అది దానంతటది తగ్గే రోజు వచ్చిందన్నమాట.

ఆస్పత్రి లెక్కలన్నీ పనికిరావని నా అభిప్రాయం కాదు. అవి తప్ప దారిలేని సందర్భాలున్నాయి. ఐసీయూలో ముక్కు ద్వారా గొట్టం వేసిన రోగులకి కొద్ది రోజుల్లోనే సైనస్ నిండుతుంది. కారణం తెలియని జ్వరం వస్తే అక్కడి డాక్టర్లు వెతికే చోట్లలో అదొకటి. 2021 వేసవి మనవాళ్ళెవరూ మరిచిపోలేరు. కోవిడ్ రెండో ఉప్పెన వెనకే బ్లాక్ ఫంగస్ వచ్చింది. అది దీర్ఘకాలిక సైనస్ కాదు, రోజుల్లో ప్రాణం మీదికి తెచ్చే వేరే జబ్బు. కానీ అదీ ముక్కులోంచే మొదలై సైనస్‌లనీ, కంటినీ, మెదడునీ పట్టుకుంటుంది. హైదరాబాదు కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని తెలంగాణకి దాని నోడల్ కేంద్రం చేశారు. మే 20న ప్రతి కేసూ ప్రభుత్వానికి తెలపాలని ఉత్తర్వు ఇచ్చారు. జూన్ 28 నాటికి దేశం మొత్తం మీద 40,845 కేసులు, వాటిలో 31,344 ముక్కు, మెదడు ప్రాంతానివి. రోగుల్లో 64 శాతం మందికి షుగర్ ఉంది. అంత భయంకరమైన జబ్బుతో ఎవరూ ఇంట్లో కూర్చోలేరు, ఆస్పత్రికి వచ్చే తీరతారు. పైగా చట్టం ప్రకారం ప్రతి కేసూ రాశారు. అందుకే ఆ అంకెల్ని నమ్మొచ్చు. షుగర్‌కీ, కోవిడ్‌కి వాడిన స్టెరాయిడ్లకీ ఈ జబ్బుతో ఉన్న సంబంధం అంత త్వరగా బయటపడిందంటే ఆ ఓపీ చీటీల పుణ్యమే.

ఇక మన సిలికాన్ లోయ సంగతి. ఇక్కడ ముక్కుల్ని బాధపెట్టేవి చాలానే ఉన్నాయి. ఊళ్ళో హెరిటేజ్ ఆర్చర్డ్‌లో ఆప్రికాట్ చెట్లు విరగబూసినప్పుడు అందరూ వాటినే తిట్టుకుంటారు. పాపం వాటి పుప్పొడిని మోసేది తేనెటీగలు, గాలి కాదు. ఓక్, ఆలివ్, మల్బరీ, ఆ తర్వాత గడ్డి, ఇవీ గాలికి పుప్పొడి వదిలేవి. కంటికి ఆనని పూలు. వచ్చిన కొత్తలో ఏమీ లేదండీ, పదేళ్ళకి మొదలైంది అని మనవాళ్ళు చెప్పేదాంట్లో కూడా నిజముంది. 2013లో అమెరికా పిల్లల మీద వచ్చిన ఒక అధ్యయనంలో, ఇక్కడ పుట్టినవాళ్ళలో 34.5 శాతానికి ఏదో ఒక అలర్జీ జబ్బు ఉంటే, బయట దేశాల్లో పుట్టినవాళ్ళలో 20.3 శాతానికే ఉంది. వలస వచ్చిన పిల్లలు ఇక్కడ పదేళ్ళు దాటేసరికి ఆ రక్షణ తగ్గిపోయింది. దీనికి తోడు అడవుల కార్చిచ్చు. 2018 నవంబరులో పారడైజ్ ఊరు కాలిపోయినప్పుడు మన దాకా వచ్చిన పొగ, 2020 సెప్టెంబరు 9న పట్టపగలు నారింజ రంగులోకి మారిన ఆకాశం గుర్తుండే ఉంటాయి. అయితే అలర్జీ వేరు, పొగ వల్ల మంట వేరు, దీర్ఘకాలిక సైనస్ వేరు. మొదటి రెండూ మూడోదాన్ని రేపగలవు, కానీ ఆ రెండూ ఉన్నంత మాత్రాన మూడోది ఉన్నట్టు కాదు.

చికిత్స పరికరాల విషయంలో ఈ లోయ పేరు ప్రపంచమంతా తెలుసు. గుండె రక్తనాళాల్లో వాడే బెలూన్ ఆలోచనని సైనస్ రంధ్రాలకి తెచ్చిన అక్లారెంట్ కంపెనీ మనకి దగ్గర్లో మెన్లో పార్క్‌లో 2004లో మొదలైంది. 2010లో జాన్సన్ అండ్ జాన్సన్ దాన్ని 78 కోట్ల 50 లక్షల డాలర్లకి కొన్నది. ఆపరేషన్ తర్వాత సైనస్‌లో పెట్టే, మందు వదిలే స్టెంట్‌ని కూడా ఈ లోయ కంపెనీయే తెచ్చింది, 2011లో అనుమతి వచ్చింది. ఇవి అవసరమైనవాళ్ళకి వరాలు. స్కాన్‌లో వాపు లేనివాళ్ళకి, తలనొప్పి ఒక్కటే ఉన్నవాళ్ళకి బెలూన్ పెట్టడం వల్ల ఒరిగేది లేదు. ఎవరైనా మీకు ఆపరేషన్ చెబితే, సీటీ స్కాన్‌లో నాకు వాపు ఎక్కడుందో చూపించండి అని అడగండి. అడగడం మీ హక్కు.

నిజంగా జబ్బు ఉన్నవాళ్ళకి మొదటి వైద్యం చవకైనదే. ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, మన యోగాలో జలనేతి అంటారు. అయితే కుళాయి నీళ్ళు వద్దు. డిస్టిల్డ్ వాటర్ కొనండి, లేదా నీళ్ళు కనీసం ఒక నిమిషం తెర్లనిచ్చి చల్లార్చి వాడండి. 2011లో లూసియానాలో కుళాయి నీళ్ళతో ముక్కు కడుక్కున్న ఇద్దరు, మెదడుని తినే అమీబా సోకి చనిపోయారు. కడిగిన తర్వాత స్టెరాయిడ్ స్ప్రే. కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో కొట్టండి, మందు మధ్య గోడ మీద కాకుండా పక్క గోడ మీద పడుతుంది. రెండు రోజులు చూసి పని చెయ్యలేదని పారేయకండి, దానికి వారాలు పడుతుంది. దిబ్బడ క్షణంలో వదిలించే స్ప్రేలు వేరే ఉన్నాయి, ఇక్కడ ఆఫ్రిన్, ఇండియాలో ఓట్రివిన్, నాసివియాన్. అవి మూడు రోజులకి మించి వాడితే అవే దిబ్బడ తెచ్చిపెడతాయి. ఒకే పక్క చెంప నొప్పి, దుర్వాసన ఉంటే పంటి డాక్టరుకి కూడా చూపించండి. పై పళ్ళ వేళ్ళు చెంప సైనస్‌కి ఆనుకునే ఉంటాయి.

చివరిగా ఒక్క మాట రాసిపెట్టుకోండి. కంటి చుట్టూ వాపు, ఒకటి రెండుగా కనిపించడం, చూపు తగ్గడం, తీవ్రమైన జ్వరంతో మెడ బిగుసుకోవడం, షుగర్ ఉన్నవాళ్ళకి ముక్కులోంచి నల్లటి స్రావం రావడం. వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంటు కోసం ఆగకండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఇన్సూరెన్సు లేదని కూడా వెనకాడకండి. ఈ దేశంలో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళని డబ్బు సంగతి తేలేదాకా ఆపకుండా ముందు పరీక్షించి తీరాలని చట్టం ఉంది. 911కి ఫోన్ చెయ్యండి, తెలుగు దుబాసీ కావాలని ఆస్పత్రిలో అడగండి, ఫోన్ మీద ఏర్పాటు చేస్తారు.